సోమవారం నుంచి శనివారం దాకా శిష్యుడిగా బతకడం ఎలా

లూకా సువార్త మూడో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకు మూడు రకాల మనుషులు వచ్చి ఒకటే ప్రశ్న వేస్తారు: మేమేం చేయాలి? మామూలు జనానికి ఆయన, రెండు అంగీలుంటే ఒకటి లేనివాడికి ఇమ్మన్నాడు. సుంకరులకు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లకు, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికులకు, ఎవరినీ బెదిరించి డబ్బు గుంజొద్దని, జీతంతో తృప్తి పడమని చెప్పాడు. ఉన్న ఉద్యోగం మానేసి రమ్మని ఎవరికీ చెప్పలేదు. ఎవరి పనిలో ఏ తప్పు ఎక్కువ జరుగుతుందో సరిగ్గా దాని మీదే వేలు పెట్టాడు.

మన సంఘాల్లో కార్యక్రమాలకు లోటు లేదు. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ఉపవాస ప్రార్థన, ఇళ్లలో కూటాలు, ఏడాదికోసారి మహాసభలు, డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్. వీటన్నిటికీ వెళ్తూ కూడా, "ఇంతకీ రేపు షాపు తెరిచాక నేను వేరుగా చేయాల్సిందేమిటి?" అని తేల్చుకోలేనివాళ్లు చాలామంది. ఇది వాళ్ల కోసం. కింద చెప్పినవన్నీ ఒకే వారంలో మొదలుపెట్టకండి. అలా మొదలుపెట్టినవి పది రోజుల్లో అన్నీ కలిసి ఆగిపోతాయి. మొదటి రెండూ ముందు చేయండి. తర్వాత, చదువుతుంటే ఏది ఇబ్బందిగా అనిపించి దాటేసి వెళ్లాలనిపిస్తుందో, దాన్ని పట్టుకోండి.

1. మీ సుంకపు మెట్టు ఎక్కడుందో చూసుకోండి

సుంకరి అయిన మత్తయి సుంకపు మెట్టు దగ్గర, అంటే పన్ను వసూలు చేసే చోట, కూర్చుని ఉండగానే ప్రభువు వచ్చి పిలిచాడు. మీకూ అలాంటి చోటు ఒకటి ఉంటుంది. ఒక నోటుపుస్తకం తీసుకుని, పోయిన వారమంతా గుర్తు చేసుకుని, డబ్బు విషయంలోనో మాట విషయంలోనో ఎక్కడ మెలిక పెట్టారో ఒక్క వాక్యంలో రాయండి. ఎవరికీ చూపించేది లేదు కాబట్టి మెత్తగా రాయక్కర్లేదు.

ఏం రాయాలో తోచకపోతే ఇవి చూడండి. కిరాణా కొట్టయితే తూకం, గడువు దాటిన సరుకు. మేస్త్రీ అయితే ఇంటి ఓనరు లేనప్పుడు కలిపే సిమెంటు పాళ్లు. పాలు పోసేవాళ్లయితే నీళ్లు. ఆసుపత్రిలో అయితే అక్కర్లేని టెస్టులు, డ్యూటీ దిగే ముందు చేయని పని చేసినట్టు నింపే రికార్డు. టీచరైతే బడికి రాని రోజున పడిన సంతకం. ప్రభుత్వ ఆఫీసైతే చేయి తడిపితేగానీ కదలని ఫైలు. రైతైతే ప్రతి ఏడూ జానెడు జరిగే గట్టు. సరిహద్దు రాయి జరిపేవాడి మీద ద్వితీయోపదేశకాండం 27లో శాపమే ఉంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం తిరిగే పిల్లలైతే, రెజ్యూమేలో పెట్టిన లేని మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్. ఈ చివరిది మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, అలా వచ్చిన ఉద్యోగానికి కృతజ్ఞత కూటం పెట్టి సాక్ష్యం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆమెన్ అన్నవాళ్లలో కొందరికి అసలు సంగతి తెలిసే ఉంటుంది.

కిరాణా కొట్టునే దగ్గరగా చూద్దాం. రేపు పొద్దున షట్టరు ఎత్తగానే కాటా పళ్లెం తుడవండి. పక్కన అట్టపెట్టో బియ్యం బస్తానో దానికి ఆనుకుని ఉందేమో చూడండి. అంకెలు కనబడే వైపు కొనేవాళ్లకు తిప్పండి. సున్నా పడ్డాకే సరుకు పోయండి. బెల్లం అట్టముక్కలో పెట్టి తూస్తుంటే ముందు అట్ట బరువు తీసేయండి. తూనికలు కొలతల శాఖ ముద్ర గడువులో ఉందో లేదో చూసుకోండి. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అన్న సామెతల మాటకు లోబడటానికి పట్టేది ఐదు నిమిషాలు.

నష్టం మాత్రం నిజంగానే వస్తుంది, దాన్ని దాచిపెట్టి చెప్పడం నాకిష్టం లేదు. ఎదురుగా ఉన్న కొట్టువాడు తూకంలో కొట్టి రేటు తగ్గించి అమ్ముతుంటే, సరిగ్గా తూచే మీరు నాలుగు రూపాయలు ఎక్కువ చెప్పాల్సి రావచ్చు. దేవుడు రెట్టింపు ఇస్తాడన్న ధీమాతో మొదలుపెట్టకండి. నెలకు ఎంత తగ్గుతుందో కాగితం మీద లెక్క వేసి, ఇంట్లో భార్యకో భర్తకో చూపించి, ఏ ఖర్చు తగ్గించుకోవాలో ఇద్దరూ అనుకుని మొదలుపెట్టండి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో ప్రభువు అడిగింది శిష్యత్వం గురించి మాట్లాడుతూనే.

2. ఉదయం చదివేది తక్కువ చదవండి, దాంట్లో ఒక మనిషి పేరు రాసుకోండి

రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చొప్పున ఏడాదిలో బైబిలు పూర్తి చేసే పట్టికలు మంచివే. కానీ చాలామందికి అవి చదివిన లెక్కగా మిగులుతాయి తప్ప చేసిన లెక్కగా మారవు. వాగ్దానపు కార్డు తీసి ఆ ఒక్క వచనంతో రోజు గడిపేయడం ఇంకో చివర. మధ్యలో ఒక దారి ఉంది. మత్తయి 5, 6, 7 అధ్యాయాలు తీసుకోండి. కొండమీది ప్రసంగం మొత్తం కలిపి 111 వచనాలే. రోజుకు నాలుగైదు వచనాలు చాలు. చదివాక ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది ఈ రోజు ఎవరి విషయంలో చేయాలి? ఒక పేరు రాయండి. సాయంత్రం ఆ పేరు పక్కన చేశాను, చేయలేదు అని ఒక టిక్కో, ఒక గీతో పెట్టండి. అంతే.

పేరు రాయడం ఎందుకంటే, "అందరినీ ప్రేమించాలి" అని రాసుకుంటే సాయంత్రం లెక్క తేలదు. "మామగారు" అని రాసుకుంటే తేలుతుంది.

భాష అడ్డమనిపిస్తే, పాత గ్రాంథిక అనువాదంతో పాటు వాడుక తెలుగులో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి. ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లుంటే పైకి చదవండి. వాళ్ల దగ్గర మీకంటే ఎక్కువ వాక్యం కంఠతా ఉండొచ్చు. ఫోన్‌లో చదివే అలవాటుంటే డేటా ఆపండి, లేకపోతే మూడో వచనానికి వాట్సాప్ వస్తుంది. నైట్ షిఫ్టులు చేసే నర్సులు, క్యాబ్ డ్రైవర్లు ఉదయం ఐదింటికే లేవాలని తమను తాము తిట్టుకోవడం మానేయాలి. మీరు నిద్ర లేచిందే మీ ఉదయం.

3. కానుక కవరు కంటే ముందు బాకీల జాబితా

దశమభాగం, అంటే దేవుడికి ఇచ్చే పదో వంతు, జీతం మొత్తం మీదా, చేతికొచ్చిన దాని మీదా అన్న చర్చ గంటల తరబడి సాగుతుంది. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. ఒక కాగితం మీద, ఇప్పుడు మీ దగ్గర ఎవరి డబ్బు ఉందో రాయండి. పనిమనిషి జీతం, పాలవాడి లెక్క, టైలరుకి ఇవ్వాల్సింది, పెయింటు వేసినవాడికి "వచ్చే వారం చూద్దాం" అని ఆపిన ఆఖరి మూడు వేలు, చుట్టాల దగ్గర తీసుకుని వాళ్లు అడగలేక ఊరుకున్న చేబదులు. కూలివాడి కూలి మరునాటి ఉదయం దాకా నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండం 19లో ఉంది. పట్టి ఉంచిన కూలి మొరపెడుతోందని యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది. ఈ జాబితా తీరేదాకా బిల్డింగ్ ఫండుకి పెద్ద మొత్తం ప్రకటించకండి. పేరు చదివినప్పుడు చప్పట్లు వస్తాయి, కానీ ఆ చప్పట్లలో పెయింటరు డబ్బు కూడా ఉంటుంది.

చేబదులు తీర్చలేని పరిస్థితైతే మొహం చాటేయకండి. మీరే ఫోన్ చేయండి. "బాబాయ్, మీ ఇరవై వేలు నేను మర్చిపోలేదు. ఒకేసారి ఇవ్వలేను. ఈ నెల నుంచి ఐదో తారీఖున రెండు వేలు వేస్తాను" అని చెప్పి, మొదటి రెండు వేలు ఆ రోజే వేయండి. మాట మాత్రమే చెప్పి డబ్బు వేయకపోతే అది ఇంకో వాయిదా కిందే లెక్క.

అప్పు ఇచ్చేవాళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నగా వినబడుతుంది, ఏడాదికి అది 24 శాతం. సాటి విశ్వాసి ఆసుపత్రి ఖర్చు కోసం వస్తే నోటు రాయించుకుని ఆ వడ్డీకి ఇచ్చి, ఆదివారం పక్కపక్కన కూర్చుని పాట పాడటం ఎలా కుదురుతుందో నాకర్థం కాదు. తన ద్రవ్యం వడ్డీకి ఇవ్వనివాడు అని 15వ కీర్తన యెహోవా గుడారంలో ఉండదగినవాడి గుర్తుల్లో ఒకటిగా చెప్తుంది. వ్యాపారానికి అప్పు ఇవ్వడం వేరు. అవసరంలో ఉన్నవాడికైతే వడ్డీ లేకుండా ఇవ్వగలిగినంతే ఇవ్వండి, తిరిగి రాకపోయినా మీరు కుంగిపోనంత మాత్రమే ఇవ్వండి.

ఇవ్వడం అలవాటు కావాలంటే మన పాత పద్ధతి ఒకటి ఉంది. తెలుగు పల్లెల్లో క్రైస్తవ స్త్రీలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం మందిరానికి తెచ్చేవారు. నెలాఖరున మిగిలితే ఇద్దాం అనుకునేవాళ్లం మనం. వాళ్లు వండకముందే తీశారు. జీతం పడిన రోజే ఒక మొత్తం వేరే ఖాతాలోకి పంపి, అది ఎవరి అవసరానికి వెళ్లాలో తర్వాత నిదానంగా చూసుకోండి.

4. మీ వంటగదిలో విడిగా ఉన్న గ్లాసు తీసేయండి

అంట్లు తోమే ఆమెకు టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు? చాలా ఇళ్లలో, మన ఇళ్లలో కూడా, కిటికీ పక్కనో సింకు కిందో అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు ఒకటి విడిగా ఉంటుంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ "ఆమె గ్లాసు" అని పేరు పెట్టి ఉండరు. అయినా ఇంట్లో ఐదేళ్ల పిల్లాడికి కూడా అందులో నీళ్లు తాగకూడదని తెలుసు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి. ఎస్. అజరయ్య మాట్లాడారు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు. తెలుగు నేర్చుకుని డోర్నకల్‌లో పని చేస్తున్నారు. 1912లో అక్కడే బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. తెల్ల మిషనరీలు పేదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ తమతో పనిచేసే భారతీయుల్ని సాటి మనుషుల్లా దగ్గరికి రానివ్వలేదన్నది ఆయన బాధ. మాకు స్నేహితులను ఇవ్వండి అని ఆ సభలో అడిగారు. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆ మాటలు మనం గర్వంగా చెప్పుకుంటాం, సొట్ట గ్లాసు మాత్రం సింకు కిందే ఉంచుకుంటాం.

చేయాల్సింది ఇది. ఆ గ్లాసు తీసేసి, మీరు తాగే కప్పులోనే టీ ఇవ్వండి. కూర్చోమని కుర్చీ చూపించండి. మొదటి రోజు ఆమె కూర్చోకపోవచ్చు, బలవంతం చేయకండి, రెండు రోజులు పోయాక మళ్లీ చెప్పండి. పండక్కి పాత చీర ఇచ్చే బదులు నెలకు నాలుగు రోజులు జీతం కోత లేని సెలవు ఇవ్వండి. ఆమె పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో తెలుసుకోండి. పల్లెలో ఉన్న మీ అమ్మగారో అత్తగారో వచ్చినప్పుడు గ్లాసు మళ్లీ బయటికి వస్తుంది. అసలు పరీక్ష అప్పుడే.

దీనికి కొనసాగింపే పెళ్లిళ్ల విషయం. "క్రిస్టియన్" అని రాసి పక్కనే కులం పేరు రాసే పెళ్లి ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. బల్లారాధనలో ఒకే రొట్టె, ఒకే పాత్ర. సంబంధం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పాత గీతలే. మీ ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే మ్యాట్రిమోనీ ఫారంలో కులం అడిగే గడి ఖాళీగా వదిలేయండి. చుట్టాలు అడుగుతారు, ఏం చెప్పాలో భార్యాభర్తలు ముందే మాట్లాడుకోండి, ఇద్దరూ రెండు రకాలుగా చెప్పకుండా.

కట్నం సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. కట్నం నిషేధ చట్టం వచ్చింది 1961లో. మనవాళ్లు కట్నం అనరు. "మాకేమీ వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటారు. ఆ మాటకు అర్థం అవతలివాళ్లకు తెలుసు, పొలం అమ్మకానికి పెడతారు. మీరు అబ్బాయి తరఫువాళ్లైతే మొదటి చూపుల్లోనే అంకెతో చెప్పండి: "డబ్బు సున్నా, స్థలం సున్నా, కారు సున్నా. పెళ్లి ఖర్చు చెరి సగం." సున్నా అని చెప్పకపోతే ఏదో ఒక అంకె ఉన్నట్టే అనుకుంటారు. పాస్టరు గారి ముందు చెప్తే ఇంకా మంచిది, తర్వాత మేనత్తలు దాన్ని మార్చలేరు.

ఇంటి లోపలి సేవ గురించి చిన్న మాట. ఆదివారం మూడు గంటల ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి మగవాళ్లు సోఫాలో కూర్చుంటే, అదే ఆరాధనకు వెళ్లొచ్చిన ఆడవాళ్లు వంటింట్లోకి వెళ్తారు. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన యోహాను 13 మీద ప్రసంగం విని వచ్చిన రోజు కూడా అంతే. ఆదివారం మధ్యాహ్నం వంటా, అంట్లూ మగవాళ్లవి అని పెట్టుకోండి. పప్పుచారు, వేపుడు చాలు.

5. మాట్లాడని మనిషి దగ్గరికి వెళ్లండి

బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా, నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5 చెప్తుంది. నీకు కోపం ఉంటే అనలేదు, అతనికి నీ మీద ఉంటే అంది. బల్లారాధన ఉండే ఆదివారానికి ముందు వారం దీనికి పెట్టుకోండి.

ఎలా వెళ్లాలి? ఒంటరిగా. పాస్టరు గారిని, పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్తే అది పంచాయితీ అవుతుంది. మత్తయి 18లో వాళ్ల వంతు తర్వాత వస్తుంది. భోజనాల వేళ కాకుండా, ఇంట్లో నలుగురూ లేని సమయం చూసుకోండి. ఆస్తి తగాదా అయితే కాగితాలు తీసుకెళ్లకండి. మీ తప్పు మాత్రమే, పేరు పెట్టి చెప్పండి. "నా వల్ల ఏమైనా పొరపాటు జరిగితే క్షమించు" అన్నది క్షమాపణ కాదు, తప్పించుకోవడం. "వదినా, నాన్న పోయినప్పుడు ఆసుపత్రి బిల్లు గురించి నలుగురిలో మిమ్మల్ని అన్న మాట తప్పు. అది మీకు ఎంత అవమానమో అప్పుడే తెలుసు నాకు. క్షమించండి" అనాలి. తర్వాత ఆగండి. ఆమె మీ మీద పదేళ్ల లెక్క విప్పొచ్చు. మధ్యలో "అది కాదు వదినా" అనకండి. టీ ఇస్తే తాగండి, ఇవ్వకపోతే వచ్చేయండి. ఒక్కసారికే అన్నీ కుదురుతాయని ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో అలవాటు ఈ వారంతో ఆపేయండి: ప్రార్థన అంశం పేరుతో పక్కవాళ్ల ఇంటి గుట్టు చెప్పడం. "బ్రదర్, ఫలానా వాళ్లింట్లో భార్యాభర్తలకు పడట్లేదంట, ప్రార్థన చేయండి" అన్నది సగం సార్లు కబురే.

ఒక హెచ్చరిక కూడా. కొట్టే భర్త దగ్గరికి, హింసించే మనిషి దగ్గరికి "క్షమించి సర్దుకుపొమ్మని" ఎవరినీ తిరిగి పంపకండి. క్షమించడం వేరు, దెబ్బలు తినడానికి ఆ గుమ్మం మళ్లీ తొక్కడం వేరు. అలాంటివాళ్లు మీ దగ్గరికి వస్తే ముందు సురక్షితమైన చోటు చూడండి, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వండి, ప్రాణాపాయమైతే 112కి మీరే ఫోన్ చేయండి.

6. ఇరుగుపొరుగుతో: ప్రసాదం, చందా, మైకు

తెలుగు క్రైస్తవుడికి ఇది ప్రతి నెలా ఎదురయ్యేదే. ఎదురింటి పిన్నిగారు సత్యనారాయణ వ్రతం ప్రసాదం పట్టుకొస్తారు, ఆఫీసులో ఆయుధపూజ, వీధిలో వినాయకచవితి చందా. విశ్వాసులందరూ ఒకేలా ఉండరు, మొదటి శతాబ్దంలోనూ లేరు. అంగట్లో అమ్మే మాంసం గురించి విచారించకుండా తినమని, ఇది అర్పించిందని ఎవరైనా చెప్తే వాళ్ల మనస్సాక్షి కోసం మానేయమని పౌలు 1 కొరింథీయులు 10లో రాశాడు. తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడొద్దు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చొద్దు అని రోమా 14.

నా అభిప్రాయం అడిగితే, తీసుకోకపోవడమే మేలు, కానీ తీసుకోని తీరులోనే అంతా ఉంది. తలుపు దగ్గరే మొహం తిప్పేసి "మేం క్రిస్టియన్స్ అండీ" అంటే ఆమెకు వినబడేది "మీరు అంటరానివాళ్లు" అని. దాని బదులు: "పిన్నిగారూ, మేం ప్రసాదం తీసుకోమండీ, ఏమీ అనుకోకండి. రండి, కూర్చోండి, కాఫీ పెడతాను." క్రిస్మస్‌కి ఆవిడకి కేకు పంపేటప్పుడు గుడ్డు లేనిది పంపండి. చందా ఇవ్వలేకపోతే ఇవ్వలేనని మర్యాదగా చెప్పండి. అదే వీధిలో ఎవరికైనా రక్తం అవసరమైనప్పుడు, ఎవరైనా పోయినప్పుడు మొదట వెళ్లేది మాత్రం మీరై ఉండాలి. వాళ్ల దేవుళ్ల మీద జోకులు ఇంట్లో పిల్లల ముందు కూడా వేయకండి. ఎఫెసులో అంత గొడవ జరిగినప్పుడు ఊరి కరణమే లేచి, ఈ మనుషులు మన గుడి దోచుకోలేదు, మన దేవతను దూషించలేదు అని పౌలు తోటివాళ్ల తరఫున చెప్పాడు. అపొస్తలుల కార్యములు 19లో ఉంది.

మైకు గురించి: తెల్లవారుజామున నాలుగున్నరకి మందిరం మీది హారన్లలో పాటలు పెడితే, పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్ల, గుండెజబ్బు ముసలాయన మీ దేవుడి గురించి ఏమనుకుంటారు? శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. చెన్నైలోని ఒక సంఘం విషయంలోనే సుప్రీంకోర్టు 2000లో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టేలా ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని తీర్పునిచ్చింది. వేరేవాళ్ల మైకులు కూడా మోగుతున్నాయి కదా అంటారు. మోగుతున్నాయి. మీ సంఘ పెద్దల మీటింగులో మాత్రం మీ మందిరం హారన్ల గురించి మాట్లాడండి.

7. ఫార్వర్డ్ చేసే ముందు

"మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను." ఇది వేలికి కూడా వర్తిస్తుంది. ఫలానా దేశంలో ఇంతమంది చనిపోతున్నారు, పదిమందికి పంపితే ఆశీర్వాదం, ఫలానా శాస్త్రవేత్త బైబిలు నిజమని ఒప్పుకున్నాడు, ఇలాంటివి వచ్చినప్పుడు నిజమో కాదో తెలియకపోతే పంపకండి. దేవుడి తరఫున చెప్పిన అబద్ధం కూడా అబద్ధమే. ఇంతకంటే దీని గురించి చెప్పేదేమీ లేదు.

8. మిమ్మల్ని అడిగే మనిషి ఒకరుండాలి

యేసు ప్రభువు శిష్యుల్ని ఇద్దరిద్దరిగా పంపాడు. రెండు వందలమంది సంఘంలో మీ సుంకపు మెట్టు సంగతి తెలిసినవాళ్లు ఒక్కరు కూడా లేకపోతే, మొదటి అడుగులో రాసిన వాక్యం ఆ నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. మీ బాసు వద్దు, మీకు అప్పున్నవాళ్లు వద్దు, విన్నది వెంటనే భార్యకు చెప్పే అలవాటున్నవాళ్లు అసలే వద్దు. వారానికి ఒకసారి, టీ కొట్టు దగ్గరైనా సరే, అరగంట కూర్చోండి. మూడు ప్రశ్నలు అడిగించుకోండి: డబ్బు విషయంలో ఈ వారం ఏం జరిగింది? ఎవరితో మాట్లాడటం మానేశావు? ఫోన్‌లో ఏం చూశావు? జవాబు విన్నాక ఉపదేశం వద్దు. రెండు నిమిషాలు ప్రార్థన చేసి లేవండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇది ఇంకా అవసరం. కువైట్‌లో ఇళ్లలో పనికి వెళ్లిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లలో చాలామందికి శుక్రవారం ఆరాధనకు కూడా సెలవు దొరకదు. ఊళ్లో ఉన్న మీరు వాళ్లలో ఒకరికి ఆ మనిషి కావచ్చు. వారానికి ఒక వాయిస్ కాల్, వాళ్లకు ఖాళీ దొరికే వేళకి.

9. సాయం చేసేటప్పుడు సువార్త షరతు పెట్టకండి

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని అడిగినవాళ్లు తక్కువేం కాదు. కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఆగాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంకెను మనం బాగా గుర్తుపెట్టుకున్నాం, ఆ ఆగడాన్ని అంత గుర్తుపెట్టుకోలేదు.

కాబట్టి వరదొచ్చి బియ్యం పంచినా, పక్కింటివాళ్లకి ఫీజు కట్టినా, కరపత్రం దాంతో కలిపి ఇవ్వకండి. ఫొటో తీయకండి. ఎందుకు చేశారని వాళ్లే అడిగితే, అప్పుడు దాచక్కర్లేదు. రెండు మూడు వాక్యాల్లో మీ సంగతి చెప్పండి: నేను ఇలా ఉండేవాణ్ణి, యేసు ప్రభువు వల్ల ఇలా మారుతున్నాను, ఇంకా ఫలానా విషయంలో మారాలి. మూడోది వదిలేయకండి, దాన్నే జనం నమ్ముతారు. అక్కడితో ఆపి, వాళ్ల పిల్లాడి జ్వరం తగ్గిందా అని అడగండి.